జీపు వెనుక ఎందుకు కుంగింది?

రాత్రివేళ రోడ్డు పక్కన నిలబడి వచ్చే పోయే వాహనాలను ఎప్పుడైనా గమనించారా? కొన్నిటి దీపాల వెలుగు రోడ్డు మీద పడదు. చింతచెట్ల కొమ్మల్లో పడుతుంది. ఎదురుగా సైకిలు మీద వచ్చేవాళ్ళు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, డ్రైవరును నాలుగు తిట్టుకుని పక్కకు దిగుతారు. అటువంటి బండి మిమ్మల్ని దాటిపోయేటప్పుడు దాని వెనుక వైపు చూడండి. ఎక్కువ భాగం అది బరువుతో కుంగిపోయి వుంటుంది. ముట్టె పైకెత్తి, వెనుక కాళ్ళ మీద కూర్చున్న కుక్కలాగా కనిపిస్తుంది.

మా మామయ్య పాత జీపు కూడా ఇలాగే కూర్చునేది. ఆయన ఆ జీపుకు రెండు చక్రాల ట్రైలరు ఒకటి తగిలించి, నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు ఘాటు రోడ్డు మీద ఇంటి సామగ్రి తోలేవాడు. ఒకసారి ఎనిమిది సిమెంటు బస్తాలు వేసి చూస్తే జీపు వెనుక భాగం బాగా కుంగింది. "కమాన్లు మెత్తబడ్డాయి, గట్టివి వేయిస్తే సరిపోతుంది" అన్నాడు మామయ్య. వేయించాడు కూడా. జీపు నిటారుగా నిలబడింది. ఆయన మీసం కూడా నిలబడింది. కాని మొదటి వానకే, ఘాటులో ఒక మలుపు దగ్గర, స్టీరింగు తిప్పినా జీపు తిరగలేదు. తిన్నగా పోయి రోడ్డు పక్కన పోసివున్న కంకర కుప్పలో ముక్కు పెట్టింది. అవతలి పక్క లోయ వున్నది. కుప్ప ఇవతలి పక్కన వుండబట్టి మామయ్య ఇవాళ ఆ కథ నవ్వుతూ చెబుతున్నాడు.

కమాన్లు గట్టివి వేసిన తరువాత కూడా జీపు ఎందుకు మాట వినలేదు? దీనికి జవాబు మీ పెన్సిలు పెట్టెలో వున్నది. ముందు జీపును కాస్త పరిచయం చేసుకుందాం.

జీపు పుట్టింది యుద్ధం కోసం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1941లో, అమెరికా సైన్యం కోసం దీన్ని పెద్ద సంఖ్యలో తయారుచేయడం మొదలుపెట్టారు. దానిని పావు టన్ను బండి అనేవారు. దాని వెనుక తగిలించే చిన్న ట్రైలరు కూడా పావు టన్నుదే. మన దేశంలో 1940ల చివరి నుంచి జీపులు తయారవుతూ వచ్చాయి. అడవి దారుల్లో, ఏజెన్సీ గ్రామాల్లో, సర్వే ఆఫీసుల్లో, ఎన్నికల ఊరేగింపుల్లో ఆ పాత జీపులు చేయని పని లేదు. వాటిలో పొట్టి జీపుకు ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం 80 అంగుళాలు, అంటే సుమారు రెండు మీటర్లు. ముందు ఇరుసుకు రెండు, వెనుక ఇరుసుకు రెండు, మొత్తం నాలుగు కమాను కట్టలు వుంటాయి. ఒక్కొక్క కట్టలో ఉక్కు పట్టీలు ఒకదాని కింద ఒకటి, పొడవైనది పైన, పొట్టివి కింద, పేర్చి వుంటాయి. మధ్యలో ఒక బోల్టు వాటిని కలిపి వుంచుతుంది. యూ ఆకారంలో వంచిన బోల్టులు కట్టను ఇరుసుకు బిగిస్తాయి. లారీ ఆగి వున్నప్పుడు దూరం నుంచి వంగి చూస్తే ఇటువంటివే, ఇంకా లావైనవి, మీకు కనిపిస్తాయి. దూరం నుంచి మాత్రమే సుమా! ఏ బండి కిందికీ దూరకూడదు.

ఎడ్లబండి చెప్పిన పాఠం

ట్రైలరంటే కొత్త వింతేమీ కాదు. ఎద్దులకు బదులు జీపు లాగే రెండు చక్రాల బండి, అంతే. కనుక ముందుగా ఎడ్లబండి తోలేవాణ్ణి అడుగుదాం. ధాన్యం బస్తాలు ఎత్తేటప్పుడు అతడు ఏం చేస్తాడు? అన్నీ నొగల వైపు వేయడు. వేస్తే బరువంతా కాడి మీదుగా ఎద్దుల మెడల మీద పడుతుంది. అన్నీ వెనుకకూ వేయడు. వేస్తే కాడి పైకి లేచి, మెడకు కట్టిన పలుపు ఎద్దుల గొంతు బిగిస్తుంది. ఇరుసుకు అటూ ఇటూ సర్ది, కొంచెం మాత్రం ముందుకు మొగ్గేటట్లు వేస్తాడు. తరువాత కాడిని చేత్తో ఎత్తి చూసుకుంటాడు. కాటా లేదు, లెక్క లేదు. అయినా ఆ చెయ్యి అబద్ధం చెప్పదు.

మామయ్య ఈ పని చేయలేదు. ట్రైలరు వెనుక తలుపు చిలుము పట్టి సరిగా పడేది కాదు. బస్తాలు జారిపోతాయని ఎనిమిదింటినీ ముందు వైపుకు నెట్టించాడు.

దీనికి లెక్క కడదాం. బరువులను న్యూటన్లలో చెప్పాలని మీ మాస్టారు అంటారు. ఆయన మాట నిజమే. కాని సిమెంటు కొట్టు కాటాకు న్యూటను తెలియదు గనుక ఇక్కడికి కిలోలతోనే కానిద్దాం. అంకెలు కూడా లెక్క తేలికగా వుండేటట్లు గుండు అంకెలే తీసుకుంటున్నాను.

ఖాళీ ట్రైలరు 200 కిలోలు. బస్తాకు 50 చొప్పున ఎనిమిది బస్తాలు 400 కిలోలు. మొత్తం 600. ట్రైలరు ఇరుసు నుంచి కొక్కెం దాకా దూరం 200 సెంటీమీటర్లు. ఖాళీగా వున్నప్పుడు ట్రైలరు కొక్కెం మీద మోపే బరువు 25 కిలోలు అనుకుందాం. మామయ్య వేసిన బస్తాల నడిమి బిందువు ఇరుసుకు 60 సెంటీమీటర్లు ముందుకు వున్నది. అప్పుడు బస్తాల వల్ల కొక్కెం మీద పడే బరువు 400ను 60తో గుణించి 200తో భాగిస్తే వస్తుంది: 120 కిలోలు. దానికి 25 కలపండి. 145 కిలోలు. జీపు తోక చివర ఇద్దరు మనుషులు వేలాడుతున్నట్లన్నమాట!

స్కేలు జీపు

ఇప్పుడు పెన్సిలు పెట్టె తెరవండి. 30 సెంటీమీటర్ల స్కేలు తీసుకోండి. రెండు పెన్సిళ్ళను బల్ల మీద అడ్డంగా పెట్టి, ఒకటి స్కేలు 2వ గుర్తు కిందికి, రెండవది 22వ గుర్తు కిందికి వచ్చేటట్లు స్కేలును వాటి మీద వుంచండి. 30వ గుర్తు బల్ల అంచు దాటి బయటికి వుండాలి. రెండు పెన్సిళ్ళ మధ్య 20 సెంటీమీటర్లు. వెనుక పెన్సిలు నుంచి చివరికి 8 సెంటీమీటర్లు. ఇది పదో వంతుకు తగ్గించిన జీపు. ఎందుకంటే అసలు జీపులో ఇరుసుల మధ్య 200, వెనుక ఇరుసు నుంచి కొక్కెం దాకా 80 సెంటీమీటర్లు అనుకుంటున్నాం. స్కేలు మధ్యలో, 12వ గుర్తు మీద, ఒక లావు రబ్బరు పెట్టండి. అది జీపు బరువు.

ముందు పెన్సిలుకూ స్కేలుకూ మధ్య సన్నని కాగితపు ముక్క ఒకటి దూర్చండి. దాన్ని మెల్లగా లాగి చూడండి. కాస్త పట్టుగా వస్తుంది. ఇప్పుడు 30వ గుర్తు దగ్గర దారంతో చిన్న సంచి కట్టి, అందులో నాణేలు ఒకటొకటిగా వేస్తూ, ప్రతిసారీ కాగితాన్ని కొంచెం లాగి చూడండి. నాణెం వేసిన కొద్దీ కాగితం తేలికగా జారుతుంది. స్కేలు ఇంకా లేవలేదు. చూడడానికి అంతా మామూలుగానే వున్నది. కాని ముందు వైపు బరువు తగ్గిపోతూ వున్నది. చివరికొక నాణెం వేయగానే స్కేలు ముందు భాగం చటుక్కున పైకి లేస్తుంది.

ఆ కాగితాన్ని పట్టి వుంచినది ఘర్షణ. ముందు చక్రం రోడ్డును పట్టుకునేదీ ఘర్షణతోనే. స్టీరింగు తిప్పినప్పుడు చక్రం తిరగవచ్చు, కాని రోడ్డు దాన్ని పక్కకు నెట్టితేనే జీపు తిరుగుతుంది. ఆ నెట్టుడు ఎంత వుండగలదన్నది చక్రం మీది బరువును బట్టి వుంటుంది. తడి రోడ్డు మీద అసలే పట్టు తక్కువ. ఆ పైన బరువు కూడా తగ్గితే చక్రం తిరిగి వుంటుంది, జీపు మాత్రం తిన్నగా పోతూ వుంటుంది.

వెనుక పెన్సిలు ఆధారంగా పనిచేసే మీట ఇది. మీ పాఠంలోని భ్రామకాల సూత్రంతో దీన్ని లెక్క కట్టవచ్చు. కొక్కెం మీద 145 కిలోలు పడితే, ముందు ఇరుసు 145 × 80 ÷ 200, అంటే 58 కిలోలు పోగొట్టుకుంటుంది. ఆ 58 ఎక్కడికి పోతాయి? వెనుక ఇరుసు మీదికే. కనుక వెనుక ఇరుసు మీద పెరిగేది 145 కాదు, 145కు 58 కలిపి 203 కిలోలు. ఖాళీ జీపు 1100 కిలోలనీ, అందులో 600 ముందు ఇరుసు మీదా 500 వెనుక ఇరుసు మీదా వున్నాయనీ అనుకుంటే, ముందు ఇప్పుడు 542 మాత్రమే మిగిలింది.

ఇంతలో ఇద్దరు కూలీలు వెనుక సీట్లలో ఎక్కారు. వాళ్ళు సరిగ్గా ఇరుసు మీదనే కూర్చున్నారు గనుక ముందు బరువు మారదు. వెనుక మాత్రం ఇంకో 120 చేరుతుంది. మొత్తం 323.

కమాను మాట

"సాగుడు బలానికి తగినట్లుగా వుంటుంది" అని కనిపెట్టినవాడు రాబర్ట్ హుక్. ఈ ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు కాస్త అనుమానపు మనిషి. ఈ సూత్రాన్ని మరెవరైనా తమదని చెప్పుకుంటారేమోనని 1676లో దాని అక్షరాలను తారుమారు చేసి పొడుపుకథలాగా అచ్చు వేయించాడు. అర్థం విప్పి చెప్పింది 1678లో. కమానుకు కూడా ఇదే సూత్రం. జీపు వెనుక కమాన్లు రెండూ కలిసి 60 కిలోలకు ఒక సెంటీమీటరు కుంగుతాయనుకుందాం. 323 కిలోలకు సుమారు 5.4 సెంటీమీటర్లు కుంగుతాయి. ముందు కమాన్లు 58 కిలోల భారం తగ్గి ఒక సెంటీమీటరు లేస్తాయి. మొత్తం 6.4 సెంటీమీటర్ల వాలు, రెండు మీటర్ల పొడవులో. అది కంటికి ఎంతో కాదు. కాని అదే వాలు చొప్పున దీపపు వెలుగు 50 మీటర్ల దూరంలో 1.6 మీటర్లు పైకి లేస్తుంది. చింతచెట్టు కొమ్మల రహస్యం ఇదే.

మామయ్య జీపును కమాన్ల మేస్త్రీ దగ్గరికి తోలుకుపోయాడు. కట్టలో వున్న 8 పట్టీలకు తోడుగా, పావు వంతు మందం ఎక్కువ వున్నవి రెండు వేయమన్నాడు. మేస్త్రీ వేశాడు. ఎనిమిదింటికి రెండు కలిపితే పావు వంతు బలమేగా పెరిగేది అని మీరు అనవచ్చు. కాదు. ఇది తెలియాలంటే పాత పెళ్ళి శుభలేఖ ఒకటి తెచ్చి, 15 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పు వుండే ముక్కలుగా నాలుగు కత్తిరించండి.

రెండు పుస్తకాల మధ్య ఒక ముక్కను వంతెనలాగా వేసి, నడుమ నాణేలు పేర్చి, ఎంత కుంగిందో చూడండి. రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి వేస్తే అంతే కుంగడానికి సుమారు రెట్టింపు నాణేలు కావాలి. మిగిలిన రెండు ముక్కలను జిగురుతో అంతటా అతికించి, పుస్తకాల కింద పెట్టి ఒక రోజు ఆరనివ్వండి. ఇప్పుడు వంతెన వేసి చూస్తే ఆశ్చర్యపోతారు. దాదాపు ఎనిమిది రెట్లు పెట్టవలసి వస్తుంది! విడి ముక్కలు వంగేటప్పుడు ఒకదాని మీద ఒకటి జారుతాయి. అతికినవి జారలేవు, అవి ఒకే మందపాటి ముక్క. మందం రెట్టింపైతే గట్టితనం 2 × 2 × 2, అంటే 8 రెట్లు. మామయ్య వేయించిన పట్టీ మందం 1.25 రెట్లు. 1.25ను మూడుసార్లు గుణించి చూడండి. సుమారు 1.95 వస్తుంది. అంటే ఆ పట్టీ ఒక్కొక్కటి రెండు పాత పట్టీలకు సాటి. పట్టీలన్నీ ఒకే పొడవు అనుకుంటే, ఎనిమిది పట్టీల కట్ట పన్నెండు పట్టీల కట్ట అయింది. ఒకటిన్నర రెట్లు.

అలాగయితే అన్ని పట్టీలకు బదులు ఒకే లావు పట్టీ వేస్తే పోదా? పోతుంది, అదే విరిగిపోతుంది. లావు పట్టీ వంగినప్పుడు దాని పై అంచు ఎక్కువ సాగాలి, కింది అంచు ఎక్కువ నలగాలి. సన్న పట్టీ అదే వంపును అవలీలగా తట్టుకుంటుంది. తాటాకు వంగుతుంది, తాటి దూలం వంగుతుందా? పల్చని పట్టీలను చాలా పేర్చడంలోని కిటుకు ఇదే. సన్న పట్టీల నడుమ దూర్చిన లావు పట్టీకి ముందుగా పగులు రావడం కూడా ఇందువల్లనే.

సరే, ఇప్పుడు గట్టితనం సెంటీమీటరుకు 90 కిలోలు. 323ను 90తో భాగిస్తే 3.6 సెంటీమీటర్లు. పైగా కొత్త పట్టీల వంపు వల్ల జీపు ఖాళీగా వున్నప్పుడే కొంత ఎత్తు లేచింది. కనుక బరువు వేసినా సమంగా నిలబడింది. దీపాలు రోడ్డు మీదికి దిగాయి. ఇంతవరకు మామయ్యదే గెలుపు.

మరి ముందు ఇరుసు మీద ఎంత బరువు వున్నది?

మళ్ళీ స్కేలు జీపు దగ్గరికి రండి. సంచిలో నాణేలు కొన్ని, స్కేలు లేవకుండా వుండేటన్ని మాత్రమే, వుంచండి. వెనుక పెన్సిలు కింద స్పాంజి ముక్క పెట్టి కాగితం లాగండి. తరువాత స్పాంజి తీసి దాని చోట గట్టి రబ్బరు ముక్క పెట్టి లాగండి. వెనుక ఎత్తు మారింది. కాగితం పట్టు మాత్రం మారలేదు. మీట లెక్కలో 145, 80, 200 అనే మూడు అంకెలే వున్నాయి చూశారా? అందులో కమాను గట్టితనం ఎక్కడా లేదు. కమాన్లు మెత్తవైనా, గట్టివైనా, వాటి స్థానంలో ఇనుప దిమ్మలే పెట్టినా, ముందు ఇరుసు 58 కిలోలు పోగొట్టుకోవలసిందే. జీపు నిటారుగా నిలబడింది గనుక అంతా బాగున్నదని మామయ్య అనుకున్నాడు. కుంగివున్నప్పుడు కనీసం ఏదో తప్పు వున్నదని జీపు చెబుతూ వుండేది. గట్టి కమాన్లు ఆ నోరు మూసేశాయి.

ఇక ఘాటు ఎక్కడం. పది మీటర్లకు ఒక మీటరు లేచే ఎత్తు మీద 600 కిలోల ట్రైలరును లాగడానికి కొక్కెం దగ్గర సుమారు 60 కిలోల బలం కావాలి. కొక్కెం నేలకు 50 సెంటీమీటర్ల ఎత్తున వుంటే, ఆ వెనక్కి గుంజుడు ముందు ఇరుసును మరో 15 కిలోలు తేలిక చేస్తుంది. జీపు గురుత్వకేంద్రం 60 సెంటీమీటర్ల ఎత్తున వుంటే, ఎత్తు మీద దాని సొంత బరువులో నుంచి ఇంకో 33 కిలోలు వెనుకకు జరుగుతాయి. 542లో నుంచి 48 తీసివేయండి. 494! సమతలం మీద ఖాళీ జీపుకు వుండే 600లో ఆరో వంతుకు పైగా పోయింది. ఆ పైన వాన, కంకర, మలుపు. జీపుకు నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందుతుంది గదా అని మామయ్య ధీమా. శక్తి అందితే సరా? నేలను అదిమి పట్టే బరువు లేని చక్రానికి ఎంత శక్తి ఇచ్చినా అది జారుతుంది.

మేస్త్రీ ఏమన్నాడు?

కంకర కుప్పలో నుంచి తీసిన జీపును మామయ్య మళ్ళీ ఆ మేస్త్రీ దగ్గరికే తెచ్చి కేకలేశాడు. మేస్త్రీ పెద్దవాడు. బీడీ ఆర్పి, ట్రైలరు నొగ పట్టుకుని ఎత్తబోయాడు. అది కదల్లేదు. "బాబూ, కమాను బరువు మోస్తాది గాని, తగ్గించదు గదా. ముందల బస్తాలు ఎనక్కి జరపండి" అన్నాడు. ఆయన చిన్నప్పుడు ఎడ్లబండి తోలినవాడట.

బస్తాల నడిమి బిందువు ఇరుసుకు 17.5 సెంటీమీటర్ల ముందుకు వచ్చేటట్లు సర్దారు. లెక్క మీరు కట్టండి. బస్తాల వల్ల 35, ట్రైలరు వల్ల 25, మొత్తం 60 కిలోలు. ముందు ఇరుసుకు నష్టం 24 మాత్రమే. వెనుక పెరిగేది 84. ఇద్దరు కూలీలతో కలిపి 204. పాత మెత్తని కమాన్లే వుండి వుంటే అవి ఎంత కుంగేవి? 204ను 60తో భాగిస్తే 3.4 సెంటీమీటర్లు! గట్టి కమాన్లు వేయించి సాధించిన 3.6 కన్నా ఇదే తక్కువ. పైగా ముందు చక్రాలకు 34 కిలోలు తిరిగి వచ్చాయి. దీనికి మామయ్యకు అయిన ఖర్చు కూలీలకు తాగించిన టీ డబ్బులు.

అయితే కొక్కెం మీద బరువే లేకుండా చేస్తే ఇంకా మేలు కదా అని కొంటె ప్రశ్న వేయకండి. బస్తాలను ఇరుసుకు 12.5 సెంటీమీటర్లు వెనుకకు జరిపితే కొక్కెం మీద బరువు సున్నా అవుతుంది. ఇంకా జరిపితే ట్రైలరు జీపు తోకను పైకి ఎత్తుతుంది. అప్పుడు తేలికయ్యేది వెనుక చక్రాలు. అంతకన్నా ప్రమాదం మరొకటి వున్నది. వెనుక బరువైన ట్రైలరు వేగం హెచ్చినప్పుడు అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. ప్రతి ఊపూ అంతకు ముందుదానికన్నా పెద్దదై, చివరికి జీపునే తిప్పేస్తుంది. అందుకే ట్రైలరు మొత్తం బరువులో సుమారు పదో వంతు కొక్కెం మీద వుండేటట్లు చూడమని చాలామంది అనుభవజ్ఞులు చెబుతారు. మేస్త్రీ సర్దించిన 60 కిలోలు 600కు సరిగ్గా పదో వంతే. ఆయనా ఏ కాటా వాడలేదు.

మరి కమాన్లు గట్టి చేయడం దండగ పనేనా అంటే, కాదు. పాత కమాన్లు నిజంగానే అలసిపోతాయి. ఖాళీ జీపును చదునైన నేల మీద నిలిపి, నాలుగు చక్రాల పైన మడ్డుగార్డు ఎత్తును టేపుతో కొలిస్తే ఇది తెలిసిపోతుంది. ఒక పక్క తగ్గివుంటే ఆ కట్టలో పట్టీ విరిగి అయినా వుండాలి, వంపు పోయి అయినా వుండాలి. వంపు పోయిన పట్టీని కొలిమిలో కాల్చి సుత్తితో మళ్ళీ వంచుతారు కొందరు. ఇది చవక వైద్యం. ఉక్కుకు ఆ బిగువు వచ్చింది కాల్చి చల్లార్చి, మళ్ళీ తగిన వేడికి కాచే పద్ధతి వల్ల. ఎర్రగా కాల్చి ఊరికే వదిలేస్తే ఆ బిగువు పోతుంది. పెద్దవాళ్ళ సాయంతో కుట్టుసూదిని పటకారుతో పట్టుకుని ఎర్రగా కాల్చి, మెల్లగా చల్లారనివ్వండి. మామూలు సూది వంచితే టప్పున విరుగుతుంది. ఇది తీగలాగా వంగి, వంగినట్లే వుండిపోతుంది. అటువంటి కమాను మీద నెల తిరిగేసరికి జీపు మళ్ళీ కూర్చుంటుంది.

ఎప్పుడూ బరువు లాగే జీపుకు ఒక మంచి ఉపాయం, లారీలలో చూసేదే. అసలు కట్టకు తోడుగా మరో చిన్న కట్ట వుంటుంది. దాన్ని హెల్పరు అంటారు. ఖాళీగా వున్నప్పుడు దాని చివరలు దేనికీ తగలవు. బరువు వేసి బండి కొంత కుంగిన తరువాతనే అది ఆనుకుని, అసలు కట్టకు భుజం పడుతుంది. కనుక ఖాళీ బండి మెత్తగా, నిండు బండి గట్టిగా వుంటాయి. మామయ్య పద్ధతిలో వేసిన లావు పట్టీలకు ఈ వివేకం లేదు. అవి ఎప్పుడూ గట్టివే. ఖాళీ జీపులో గతుకుల రోడ్డు మీద వెనుక కూర్చున్నవాళ్ళను అడగండి, చెబుతారు. వెన్నెముక సంగతి అలా వుంచి, ఎగిరే చక్రం గాలిలో వున్నంతసేపూ దానికి బ్రేకు వున్నా లేనట్టే.

షాక్ అబ్జార్బరు అనే గొట్టాలను కూడా మరవకూడదు. పేరు చూసి దెబ్బను అవే తట్టుకుంటాయనుకుంటారు. దెబ్బ తినేది కమాను. ఆ తరువాత కమాను ఉయ్యాల వూగకుండా ఆపేది ఈ గొట్టం. దానిలో నూనె సన్న రంధ్రాల గుండా దూరి పోతూ, ఊగే శక్తిని వేడిగా మారుస్తుంది. దూర ప్రయాణం చేసి ఆగిన బండిలో అది చేతికి వెచ్చగా తగులుతుంది. జీపు మూలను గట్టిగా నొక్కి వదిలితే ఒకసారి లేచి ఊరుకోవాలి. మూడు నాలుగు సార్లు ఊగితే ఆ గొట్టం పని అయిపోయినట్టే. కమాను గట్టిదైతే అది వెనక్కి తన్నే బలమూ ఎక్కువ, కనుక గొట్టమూ దానికి తగ్గది వుండాలి. మామయ్య జీపుకు రెండు గొట్టాల నూనె ఏనాడో కారిపోయింది. వాటి మీద మట్టి జిడ్డుగా పేరుకుని వుండడం మేస్త్రీయే చూపించాడు.

చివరికి మామయ్య లావు పట్టీలు తీయించి, మొదటి కొలతలతో కొత్త కట్టలు, వాటికొక పల్చని హెల్పరు, కొత్త గొట్టాలు వేయించాడు. ట్రైలరు వెనుక తలుపు కూడా బాగుచేయించాడు. బస్తాలు ఎనిమిది కన్నా ఎక్కువ వేయడు. ఎందుకంటే ఇరుసు, బ్రేకులు, టైర్లు, చట్రం పాతవే. కమాను మార్చినంత మాత్రాన అవి బలపడవు, రిజిస్ట్రేషను కాగితంలో రాసిన బరువు మారదు.

ఇప్పుడు మీకు రెండు లెక్కలు. స్కేలు జీపు దగ్గర పెట్టుకుని చేయండి. ఒకటి: ట్రైలరు కొక్కెం మీద 60 కిలోలే వున్నాయి, కాని కొక్కేన్ని వెనుక ఇరుసుకు 80కి బదులు 60 సెంటీమీటర్ల దూరంలోనే బిగించగలిగితే ముందు ఇరుసుకు ఎంత మిగులుతుంది? రెండు: 200 కిలోల నీళ్ళ పీపాను జీపులోనే పెట్టాలి. వెనుక ఇరుసుకు 40 సెంటీమీటర్లు వెనుకగా పెడితే ముందు చక్రాలు ఎంత పోగొట్టుకుంటాయి? ఎక్కడ పెడితే ఏమీ పోగొట్టుకోవు? రెండవదానికి జవాబు కాగితం మీద కట్టే ముందు, స్కేలు మీద రబ్బరును జరిపి, కాగితం ముక్కను లాగి చూడండి.